నీ పచ్చా, నా పచ్చా

నా చేత్తో ఇచ్చిన మందు వల్ల ఒక మనిషి చనిపోవడం. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. పాప పుట్టినప్పటి నుంచి పట్టుకుంది. జ్వరం మందు సిరంజిలోకి తీసి, కిటికీ వెలుతురుకు పెట్టి గీత చూసి, మళ్ళీ సీసాలో వదిలేసి మళ్ళీ తీస్తాను. మూడోసారికి గానీ పాప నోట్లో పెట్టను.

"నువ్వు కొలిసేలోపు దాని జ్వరం అదే పోద్ది" అని మా ఆయన మధుసూదన్ నవ్వుతారు.

ఇంత జాగ్రత్తపడే నా చేతుల మీదే అది జరిగినంత పనైంది. పాపకు కాదు, మా ఇంటి ఓనరు సుశీల్ అంకుల్‌కు.

ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో పై ఇంట్లో అంకుల్ ఉంటారు, కింది ఫ్లాట్‌లో మేం. మా ఆయన వెల్డర్. అంకుల్ ఫిజీ తెలుగాయన. ముత్తాత చెరకు తోటల్లో కూలికని ఓడెక్కాడట. ఆక్లాండ్‌లో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన తెలుగు వాళ్ళ ఆజీ, అంటే నానమ్మ, నోటి నుంచి వచ్చిందే. మాట్లాడతారు గానీ చదవలేరు, చదివేది ఇంగ్లీషే. భార్య ప్రేమ్‌వతి ఆంటీ మేం ఆ ఇంట్లో దిగిన ఆరు నెలలకే పోయారు. ఒక్కతే కూతురు, పేరు షాలేష్ని. ఊరికి ఆ చివర, బోటనీ డౌన్స్‌లో ఉంటుంది.

ఏటా ఫిబ్రవరి చివర ఆయన కారు వెనక పడవ తగిలించుకుని, ఫెర్రీలో సముద్రం దాటి, సౌత్ ఐలాండ్‌లోని హావేయా సరస్సుకు వెళ్తారు. సామన్ చేపల కోసం. గాలం విసిరి కూర్చోవడం కాదు. పడవ మనిషి నడిచినంత నెమ్మదిగా పోతూ ఉంటే, వెనక చాలా దూరంలో, నీళ్ళ అడుగున, రేకు గాలాలు చిన్న చేపల్లా ఊగుతూ రావాలి. దీన్ని ట్రోలింగ్ అంటారు. ఆ గాలాలన్నీ కట్టి డబ్బాల్లో సర్దే పని ఆంటీదే. ఆంటీ పోయాక ఆ డబ్బాలు గరాజ్‌లో దుమ్ము పట్టి ఉండేవి.

మా వాషింగ్ మెషిన్ కూడా గరాజ్‌లోనే. ఒకరోజు పాపను చంకనేసుకుని బట్టలు తీయడానికి వెళ్ళాను. అంకుల్ బల్ల ముందు కూర్చుని, సన్నటి దారాన్ని గాలం కంటిలోకి ఎక్కించలేక తిట్టుకుంటున్నారు. ఫిజీ హిందీలో.

"ఇలా ఇవ్వండి అంకుల్" అన్నాను.

తొమ్మిదో తరగతిలో మా అమ్మకు జబ్బు చేసింది. నేను బడి మానేసి శ్రీకాకుళం బస్టాండు దగ్గర పూలు కట్టాను. నాలుగేళ్ళు. చదువు వేళ్ళలోకి పోయిందేమో, ముడి అంటే నాకు కళ్ళు కూడా అక్కర్లేదు. ఆయన ఒకసారి చూపిస్తే రెండోసారికి కట్టేశాను.

"బిగించే ముందు నోట్లో పెట్టి తడుపు" అన్నారు. "పొడి ముడి బిగిస్తే దారం కాలిపోతుంది."

"ఎంగిలి చేసి ఎలా ఇస్తానండీ?"

"నాకు కాదమ్మా, చేపకు ఇస్తున్నావు."

"ఆ చేప తినేది మీరే కదా."

"ప్రేమ్‌వతి ముప్పై ఏళ్ళు నాకు ఎంగిలే తినిపించింది. బతికే ఉన్నాను, చూడు."

నాకు మనసొప్పలేదు. పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని ముడిని అందులో ముంచి బిగించేదాన్ని. అది చూసి మా ఆయన దానికి 'మడి ముడి' అని పేరు పెట్టారు. అంకుల్‌కు ఆ మాట తెలియక నన్నే అర్థం అడిగి, తెలుసుకుని, ఆ రోజంతా తనలో తాను నవ్వుకున్నారు.

అలా మొదలైంది. వారంలో రెండు మూడు ఉదయాలు, పాప పడుకున్నాక, గరాజ్‌లో కూర్చునేవాళ్ళం. అసలు దారం చివర గజంన్నర పొడవు సన్న దారం కట్టాలి, అది నీళ్ళలో కనపడదు. దాన్ని లీడర్ అంటారు. రెండిటికీ మధ్య స్వివెల్ అనే చిన్న ఇత్తడి కీలు. అది లేకపోతే గాలం తిరిగినకొద్దీ దారమంతా పురిపడుతుంది.

"మంచి లీడర్ చేప కంటికి కనపడకూడదు" అన్నారు అంకుల్.

"మా దగ్గరా అంతేనండీ. ఎలక్షనయ్యాక కనపడరు."

రేకును దారానికి బిగించి కట్టేస్తే ఊగదు. చిన్న క్లిప్పుకు వదులుగా వేలాడాలి. కట్టినదాన్ని లాండ్రీ తొట్టిలో నీళ్ళు నింపి లాగి చూసేవాళ్ళం. గిరగిర తిరిగితే పనికిరాదు. దెబ్బతగిలిన చిన్న చేపలా కుంటుతూ రావాలి. షాపులో కొన్నప్పుడు మూడు ముళ్ళ కొక్కెం ఉంటుంది, అది తీసేసి ఒంటి ముల్లు వేసేవాళ్ళం. ప్రతి ముల్లుకూ నేను బెండు ముక్క గుచ్చేదాన్ని, పాప ఉంది కదా. గరాజ్‌లోంచి బయటికొచ్చే ముందు లెక్కపెట్టేదాన్ని. ఇరవై నాలుగు. మెట్లెక్కి మళ్ళీ దిగి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టేదాన్ని.

రంగు ఎంచడం మాత్రం ఆయన పనే. ఎండగా ఉంటే వెండి రేకు. మబ్బుగా ఉంటే నలుపూ ఎరుపూ. తెల్లవారుజామున పచ్చ.

"సామన్ ఆకలికి కొరకదు, కోపానికి కొరుకుతుంది" అనేవారు. "ఏ రంగుకు కోపమొస్తుందో ఆ పొద్దున దాన్నే అడగాలి."

మొదటి రోజుల్లోనే "ఆ పచ్చది తియ్యమ్మా" అన్నారు. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఇది పచ్చా?" అన్నారు.

"కాదా మరి? పసుపు రాసినట్టుంది."

"పచ్చంటే గడ్డి. ఆకు. మా ఆజీ చెప్పింది."

"మా అమ్మ పచ్చంటే పసుపని చెప్పిందండీ. కామెర్లొస్తే కళ్ళు పచ్చబడ్డాయంటాం. ఆకులేమైనా మొలుస్తాయా కళ్ళల్లో?"

ఆయన రేకును అటూ ఇటూ తిప్పి చూశారు. "అచ్చా. అయితే నీది ఒక పచ్చ, నాది ఒక పచ్చ."

అప్పటి నుంచి ఆయన పచ్చ అన్నప్పుడల్లా నేను "మీ పచ్చా, నా పచ్చా?" అని అడిగేదాన్ని. "నా పచ్చ" అంటే ఆకు రంగు. "నీ పచ్చ" అంటే పసుపు. ఆ మాట మా మధ్య ఒక లెక్కలా స్థిరపడింది.

ఆంటీ చేసే పని ఇంకొకటి కూడా ఉండేది. ఏడు అరల మాత్రల డబ్బాను ఆదివారం ఆదివారం నింపడం. ఒక ఆదివారం షాలేష్ని వచ్చి నన్ను పక్కకు పిలిచింది. డాడ్‌కు మందులు తనే చూసుకొమ్మంటే చూసుకోరు, తనకు ప్రతివారం ఇంత దూరం రావడం కుదరదు, నేను నింపిపెట్టగలనా అంది. "ఈజీ రత్నం. లేబుల్ మీద అంతా రాసుంటుంది."

నాకు ఇంగ్లీషు చదవడం సరిగా రాదని చెప్పలేదు. అంతసేపూ నన్ను మెచ్చుకుంది. డాడ్ మళ్ళీ గరాజ్‌లో కూర్చుంటున్నారంటే నీవల్లే అంది. ఆ మాట తర్వాత, నాకు చదువు రాదు అని ఎలా అనను? లేబుళ్ళ మీద ఒకటి, రోజూ, ఉదయం, ఈ మూడు ఇంగ్లీషు మాటలూ నాకు తెలుసు. అవి చాలనుకున్నాను. నిజంగానే ఏడాదిపాటు సరిపోయాయి.

జనవరిలో డాక్టరు అంకుల్ గుండె మాత్ర మార్చారు. కిడ్నీలు మందగించాయట, మోతాదు తగ్గించాలట. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఫార్మసీ సంచిలో ఒక కొత్త సీసా. చిన్న నీలం మాత్రలు. లేబుల్ కింద పెన్నుతో మూడు మాటలు రాసి ఉన్నాయి: ఇన్‌స్టెడ్ ఆఫ్ వైట్. వైట్ అంటే తెలుపు, అది తెలుసు. పాత సీసాలో తెల్ల మాత్రలు సగం ఉన్నాయి. మొదటి మాట తెలియలేదు. తెల్లదానితో పాటు అని రాసి ఉంటారనుకున్నాను. అంకుల్‌ను అడిగితే చదివి చెప్పేవారు, పదడుగుల దూరంలోనే ఉన్నారు. అడగలేదు. అడిగితే ఇన్నాళ్ళూ చదవకుండా నింపుతున్నానని తెలిసిపోతుంది కదా.

అరకొకటి తెల్లదీ, అరకొకటి నీలందీ వేశాను. పాప మందు మూడుసార్లు కొలిచే నేను.

మూడు వారాలు గడిచాయి. అంకుల్ అన్నం తగ్గించారు. నేను పంపిన పప్పు గిన్నె అలాగే తిరిగొచ్చేది. "నోరు బాగాలేదమ్మా" అనేవారు. ప్రయాణం దగ్గర పడుతోందని గాలాలు తీసి బల్ల మీద పరిచాం. వెండి రేకులు ఆరు తీసి పెట్టమన్నారు, పెట్టాను.

"ఇవి కావు. వెండివి."

"వెండివేనండీ."

"పచ్చగా ఉన్నాయి కదా."

"మీ పచ్చా, నా పచ్చా?"

"నీ పచ్చ."

నేను కట్టినవాటికి చిలుం పట్టిందేమోనని సిగ్గుపడ్డాను. కిందికి తీసుకెళ్ళి, చింతపండు వేసి, దేవుడి సామాను తోమినట్టు ఆరు రేకులూ తళతళలాడేలా తోమాను. తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూసి, "ఇప్పుడు ఇంకా బాగా పచ్చగా ఉన్నాయి" అన్నారు.

"అయితే మీ కళ్ళు కూడా చింతపండుతో తోమాలి" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. ఆ మనిషికి లోపల విషం నిండుతోందని ఆయన నోటితోనే, మా ఇద్దరి మాటతోనే, నాకు చెప్పారు. నేను జోకు వేశాను.

తర్వాతి శనివారం ఉదయం పెరట్లో లోతు దారం సరిచూస్తున్నాం. దాని లోపల సన్నటి సీసపు తీగ ఉంటుంది, ఆ బరువుకే మునుగుతుంది. పది గజాలకొకసారి రంగు మారుతుంది. ఎన్ని రంగులు వదిలితే అంత లోతు. వేసవిలో సామన్ చల్లటి నీళ్ళ కోసం కిందికి దిగిపోతుంది కాబట్టి ఆరు రంగులైనా వదలాలి. నేను చివర పట్టుకుని కంచె దాకా నడిచాను. పాప గడ్డిలో కూర్చుని క్లిప్పుల బుట్టతో ఆడుతోంది. అంకుల్ దారం చుట్టిన చక్రం పట్టుకుని రంగులు లెక్కపెట్టాలి.

"ఎన్నయ్యాయండీ?"

తిరిగి చూస్తే దారాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తున్నారు.

"రంగు మారడం లేదమ్మా. అంతా ఒకటే. పచ్చ."

"మీ చేతిలో ఉన్నది ఎరుపండీ."

"నువ్వూ పచ్చగానే ఉన్నావు" అన్నారు నెమ్మదిగా. "పాప కూడా. ఆ తెల్ల కారు కూడా."

ఈసారి నవ్వలేదు. "ఎవరి పచ్చ అంకుల్?"

"నీది" అంటూ గడ్డిలో కూర్చుండిపోయారు. కక్కుకున్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నాడి కోసం వేలు పెట్టాను. ఒకటి కొట్టి, ఇంకోటి వస్తుందా రాదా అని నేను ఎదురుచూసేంత సేపటికి ఇంకోటి కొట్టింది.

అంబులెన్స్ పిలిచాను. ఆ పాటి ఇంగ్లీషు వచ్చు. పైకి పరిగెత్తి మాత్రల డబ్బా తెచ్చాను. సీసాలు రెండూ దాని పక్కనే ఉన్నాయి, అవీ తీశాను. మెట్లు దిగుతూ డబ్బా మూత లోంచి ఒక్కో అరలో తెలుపూ నీలమూ పక్కపక్కన కనబడ్డాయి. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అనుమానం అంటే అబద్ధం. తెలిసిపోయింది. సీసాలను పాప డైపర్ల సంచిలో అడుగున పెట్టేశాను.

అంబులెన్స్‌లో వచ్చినామె మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా తీసుకుంది. "ఇది ఎవరు నింపుతారు?" అని అడిగింది.

"వాళ్ళమ్మాయి" అన్నాను.

"సీసాలు ఉన్నాయా?"

"అమ్మాయి దగ్గర."

అంకుల్ కళ్ళు తెరిచే ఉన్నాయి. విన్నారో లేదో తెలియదు. వాళ్ళు తీసుకెళ్ళిపోయారు.

మా ఆయనకు ఫోన్ చేశాను. వర్క్‌షాపు మోతలో ఒక్కో మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఏటి, రెండూ ఏసీసేవా?"

"ఏసేసేను."

అవతల మోత ఆగింది. బయటికి వచ్చినట్టున్నారు. "సూడు రత్నం. మన రెసిడెన్సీ ఫైలు ఇంకా ఇమ్మిగ్రేషనోళ్ళ దగ్గరుంది. పోలీసు, కేసు అన్నారంటే పాపతో సహా ఎల్లిపోవాలి. ఆస్పత్రోళ్ళకి రక్తం తీస్తే అదే తెలుస్తాది. నువ్వు నోరెత్తకు."

సరే అన్నాను. ఆయనను తప్పుపట్టలేను, నేను వినాలనుకున్నదే ఆయన అన్నారు. పాపకు అన్నం పెట్టాను. పెరట్లో దారం చుట్టాను. ముళ్ళు లెక్కపెట్టాను, ఇరవై నాలుగూ ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. తర్వాత సంచిలోంచి నీలం సీసా తీసి, ఆ మొదటి మాటను ఒక్కో అక్షరం చూస్తూ ఫోన్లో కొట్టాను. తెలుగులో వచ్చింది.

బదులుగా.

ఎంత చిన్న మాట. తెల్లదానికి బదులుగా. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు బస్టాండులో ఆమె బదులు నేను కూర్చున్నాను. ఇక్కడ ఆంటీ బదులు నేను ముళ్ళు కట్టాను. నా బతుకంతా ఆ మాటే, దాన్ని ఇంగ్లీషులో గుర్తుపట్టలేకపోయాను.

షాలేష్నికి ఫోన్ చేశాను. ఆస్పత్రి దారిలో ఉంది. "తెల్లదీ నీలందీ రెండూ వేశాను, మూడు వారాలుగా. నాకు చదవడం రాదు. డాక్టర్‌కు చెప్పు, ఇప్పుడే చెప్పు" అన్నాను. ఆమె "ఓకే" అని పెట్టేసింది.

అంబులెన్స్ వెళ్ళినప్పటి నుంచి ఆ ఫోన్ దాకా నలభై నిమిషాలు.

అంకుల్ బతికారు. ఆ మాత్ర ఒంట్లో ఎక్కువైతే కళ్ళకు లోకం పసుపుగా కనిపిస్తుందట. దానికి విరుగుడు మందు ఉంది, ఇచ్చారు. త్వరగా చెప్పడం మంచిదైందని డాక్టరు అన్నట్టు షాలేష్ని చెప్పింది. త్వరగా అన్నారు. పోలీసులు రాలేదు, కేసు లేదు.

అంకుల్ ఇంటికొచ్చిన రోజు నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మాత్రల సంగతి నా నోటితో చెప్పాను. 

"నాకు చదవడం వచ్చు కదా" అన్నారు. "సీసా నా వంటింట్లోనే ఉంది. డాక్టరు నాకే చెప్పాడు. నేను విన్నానా, చూశానా? ప్రేమ్‌వతి ఉన్నట్టే బతికాను." తర్వాత, "వెండి రేకులు మాత్రం బాగా తోమావు. ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు.

నలభై నిమిషాల సంగతి, వాళ్ళమ్మాయి నింపుతుందన్న అబద్ధం మాత్రం చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు మెట్లెక్కాను. ఆయన నవ్వుతూ తలుపు తీస్తే ఎలా ఉన్నారని అడిగి దిగొచ్చేశాను. ఇక్కడ రాస్తున్నాను. ఆయన తెలుగు చదవలేరు, ఆ ధైర్యంతో రాస్తున్నాను. మీరెవరైనా చదివి ఆయనకు చెబితే, చెప్పండి. నేను అడ్డుపడను.

ఇప్పుడు మాత్రలు ఫార్మసీవాళ్ళే రోజుకొక అర కట్టి సీలు వేసి ఇస్తున్నారు. నీలం మాత్ర ఒక్కటే. కానీ ఆ కిడ్నీలతో, నీళ్ళు సరిగా తాగకపోతే అది కూడా ఒంట్లో పేరుకోవచ్చని డాక్టరు చెప్పారు. వద్దు వద్దంటుంటే మార్చి రెండో వారంలో అంకుల్ పడవ తగిలించుకుని వెళ్ళిపోయారు. షాలేష్నికి సెలవు దొరకలేదు. నేను పాపను పెట్టుకుని ఎక్కడికని వెళ్ళను? వెళ్ళే ముందు ఇరవై నాలుగూ కట్టి ఇచ్చాను. ఈసారి గ్లాసు పక్కన పెట్టుకోలేదు. ప్రతి ముడినీ నోట్లో పెట్టి తడిపి బిగించాను. ఆయన చూశారు.

ఆయన ఫోన్‌కు అక్కడ సిగ్నల్ రాదు. నాలుగు రోజులకొకసారి టౌనుకు వచ్చి చేస్తారు. నిన్నటికి అయిదు రోజులు.

క్వీన్స్‌టౌన్, వానాకా వైపు హోటళ్ళలో పనిచేసే మనవాళ్ళు చాలామంది ఈ పత్రిక చదువుతారని విన్నాను. మీలో ఎవరైనా హావేయా సరస్సు వైపు వెళ్తే, నీలం గీత ఉన్న తెల్ల పడవ కోసం చూడండి. పక్కన ఇంగ్లీషులో ప్రేమ్‌వతి అని రాసి ఉంటుంది. పొద్దున పదింటికల్లా ఒడ్డుకు వస్తారు. తెలుగులో పలకరించండి, పొంగిపోతారు. మంచినీళ్ళు తాగుతున్నారా అని అడగండి. తర్వాత చేతిలో ఉన్న గాలం ఏ రంగని అడగండి. పచ్చ అంటే, ఎవరి పచ్చ అని అడగండి. 'నా పచ్చ' అంటే ఆకు రంగే, ఫర్వాలేదు, ఆయన పట్టిన చేప వండి పెడతారు, తిని రండి. రత్నం పచ్చ అన్నారంటే మాత్రం గాలం వంక మీరే ఒకసారి చూడండి. అది పసుపు రంగుది కాకపోతే, నాకోసం ఆగకుండా ముందు అంబులెన్స్‌కు, అంటే ఒకటి ఒకటి ఒకటికి ఫోన్ చేయండి.